దోమతెర కట్టుకునే పడుకుంటాం, అయినా చికున్‌గున్యా ఎలా వచ్చింది?

మీరడిగిన ప్రశ్నే నేనూ డాక్టరును అడిగాను, మంచం మీంచి లేవలేని స్థితిలో. ఈ వైరస్‌ను మోసే ఏడిస్ దోమలు పగటిపూట కుడతాయి. మనం రాత్రి తెర దించేసరికే అవి కుట్టడం అయిపోతుంది.

మా ఇంట్లో మొదట అమ్మకు జ్వరం వచ్చింది. గాలి తగులుతుందని పగలంతా వరండాలో పడుకోబెట్టాం, తెర లేకుండా. పన్నెండు రోజులకు నాకు వచ్చింది. జ్వరం మూడు రోజుల్లో తగ్గింది కానీ కీళ్ల నొప్పులు నెలల తరబడి వదల్లేదు. సీసా మూత తిప్పలేను, చొక్కా గుండీ పెట్టుకోలేను. మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని వంగి ఒక్కో మెట్టూ దిగేవాణ్ణి. 1952లో టాంజానియాలో ఈ జబ్బు బయటపడింది. 'చికున్‌గున్యా' అక్కడి మకొండే భాషలోని మాట, నొప్పులతో వంగిపోవడం అని అర్థం. అనుభవించినవాళ్లకు ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది.

తర్వాత మా చెల్లెలు వెతికితే వరండాలో పూలకుండీల కింద ప్లేట్లలో దోమ పిల్లలైన పురుగులు మెలికలు తిరుగుతూ కనిపించాయి. ఆ నీళ్లు నేను వారం వారం ఒంపేసేవాణ్ణే! కానీ ఈ దోమ గుడ్లను నీటి అంచుకు కాస్త పైన అంటిస్తుంది. ఎండిపోయినా అవి నెలల పాటు బతుకుతాయి, తడి తగిలితే పొదుగుతాయి. ఆ గుడ్లు పోయేలా ప్లేట్లను పీచు పెట్టి రుద్దాలని మాకెవరూ చెప్పలేదు. పొగ మాత్రం కొట్టి వెళ్తారు. పొగకు ఎగిరే దోమలు చస్తాయేమో, గుడ్లకు ఏమీ కాదు. ఈ విషయంలో నాకు చాలా కోపం.

ఆ గుడ్ల బలంతోనే ఏడిస్ జాతిలోని టైగర్ దోమ ఆసియా నుంచి పాత టైర్లలో సముద్రం దాటి 1985లో అమెరికాలోని హ్యూస్టన్‌లో స్థిరపడింది. 1990లో ఇటలీలో కనబడింది. 2007లో అక్కడికి వచ్చి జ్వరపడిన ఒక్క ప్రయాణికుడి నుంచి ఈ దోమల ద్వారా 200 మందికి పైగా చికున్‌గున్యా సోకింది.

మా వరండాలో జరిగిందీ అదే, నాకు అనుమానం లేదు. మొదటి వారం రోగి రక్తంలో వైరస్ ఉంటుంది. కుట్టిన దోమ దాన్ని ఇంకొకరికి చేరుస్తుంది. అందుకే మీ ఇంట్లో జ్వరంతో పడుకున్నవాళ్లకు ఈరోజే, పగలే తెర కట్టండి. అమ్మకు మేం కట్టలేదు.