రిటైరయ్యాక మెకానిక్ షెడ్డు పెట్టిన మా తాతయ్య

"సైన్యంలో చేసి వచ్చి సొంతంగా వ్యాపారం పెట్టుకున్నవాళ్లు మీ ఇంట్లో ఉన్నారా? వాళ్ల గురించి మీకు బాగా గుర్తున్నదేమిటి?" అని అడిగారు. ఉన్నారు, మా అమ్మ వాళ్ల నాన్న. 2019లో పోయారు.

మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. దగ్గర్లోనే మిలటరీ మాధవరం. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ సైన్యానికి మనుషుల్ని పంపుతున్న ఊరు. ఆ గాలి మా ఊరికీ సోకింది. తాతయ్య 1965లో చేరారు. సికింద్రాబాద్‌లో ఈఎంఈ (సైన్యం వాహనాలు, యంత్రాలు బాగుచేసే విభాగం) ట్రైనింగ్ అయ్యాక వెహికల్ మెకానిక్. 1971 యుద్ధంలో తూర్పు వైపు ఉన్నారు. ఆ 13 రోజుల గురించి ఎంత అడిగినా ఇసుకలో దిగబడిన ట్రక్కుల సంగతే చెప్పేవారు, తుపాకుల మాటెత్తేవారు కాదు.

1980లో 15 ఏళ్ల సర్వీసుతో పెన్షన్ మీద వచ్చేశారు. గ్రాట్యుటీకి, పెన్షన్‌లో కొంత భాగం కమ్యూట్ చేస్తే, అంటే ముందే ఒకేసారి తీసుకుంటే, వచ్చిన డబ్బు కలిపి ఆయిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డు వేశారు. ఆడపిల్లల తండ్రివి, ఆ డబ్బు బ్యాంకులో వేసుకోమని చుట్టాలంతా పోరు పెట్టారట. వినలేదు.

నాకు కళ్లకు కట్టినట్టు గుర్తున్నది ఒకటుంది. దాళ్వాలో, అంటే రెండో వరిపంట కాలంలో, ఒక రైతు పరిగెత్తుకుంటూ వచ్చాడు, ఇంజన్ ఆగిపోయిందని. నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తాతయ్య చేలోకి వెళ్లారు. డీజిల్ లైన్లో గాలి పట్టింది, అంతే. ఆయన చెయ్యి పెట్టలేదు. స్పానర్ రైతు చేతికిచ్చి, "ఈ స్క్రూ కాస్త వదులు చెయ్యి. బుడగలు ఆగి డీజిల్ ధారగా వచ్చేదాకా పంపు కొట్టు. ఇప్పుడు బిగించు" అని దగ్గరుండి చేయించారు. షెడ్డులో కుర్రాళ్లు గొణిగారు, ఇలా అందరికీ నేర్పేస్తే మన దగ్గరికి ఎవరొస్తారని. "అర్ధరాత్రి నేను లేకపోతే ఆ చేను ఎండిపోవాలా?" అన్నారు తాతయ్య. నిజానికి గిరాకీ తగ్గలేదు. పెద్ద రిపేరుకి అందరూ ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు, పంట చేతికొచ్చాక డబ్బులిచ్చేవాళ్లు.

ఇంట్లోనూ అదే పద్ధతి. అమ్మమ్మకి పెళ్లినాటికి చదువు రాదు. ఆయన ఉత్తరాలు పోస్ట్‌మ్యాన్ చదివి వినిపిస్తుంటే సిగ్గుతో చచ్చిపోయేదట. అది తెలిసి, సెలవుకొచ్చినప్పుడల్లా పలక ముందు పెట్టుకుని అక్షరాలు దిద్దించారు. రెండో సెలవు అయ్యేసరికి తన ఉత్తరం తనే చదువుకుంది. ఆ ఉత్తరాల్లో ఏముండేదో ఇప్పటికీ మాకు చెప్పదు.

తాతయ్య పోయిన వారానికి నల్ల ట్రంకుపెట్టె తెరిచాం. పైనే ఒక ఫైలు: డిశ్చార్జి బుక్కు, పీపీవో (పెన్షన్ మంజూరు కాగితం), పిల్లల పుట్టినతేదీలు. రికార్డుల్లో భార్య పేరు తప్పు పడి ఫ్యామిలీ పెన్షన్‌కి ఏళ్ల తరబడి తిరిగినవాళ్లను మా చుట్టుపక్కలే చూశాను. ఆయన అమ్మమ్మ పేరులో ఒక అక్షరం తేడా ఉంటే ఎప్పుడో లెటర్లు రాసి సరిచేయించి, ఆ కాగితం కూడా జతచేసి పెట్టారు. మాకు ఒక్క ఇబ్బంది రాలేదు.

ప్రతి నవంబరులో లైఫ్ సర్టిఫికెట్‌కి అమ్మమ్మను బ్యాంకుకి నేనే తీసుకెళ్తాను. కౌంటర్ దగ్గర అలవాటు కొద్దీ వేలిముద్ర ప్యాడ్ ముందుకు జరుపుతారు. అమ్మమ్మ దాన్ని పక్కకు నెట్టి, పెన్ను అడిగి తీసుకుంటుంది.