గడప దాటితే: ఓలెసున్‌లో ఉండి రావాలంటే

మా అమ్మాయి నార్వే పడమటి తీరంలో ఓలెసున్ అనే ఊళ్లో కాపురం ఉంటోందని, నేనూ వెళ్లి ఉండి వస్తుంటానని పోయిన నెల ఇదే శీర్షికలో ఓ ముక్క రాశాను. దాంతో ఈ నెల ఉత్తరాలన్నీ ఆ ఊరి గురించే వచ్చాయి. మన రెండు జిల్లాల పిల్లలు అంతమంది అక్కడున్నారని నాకూ తెలియదు.

*ప్రశ్న: టీచర్ గారూ, మా అబ్బాయి ఓలెసున్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. జూన్‌లో పది రోజులు రమ్మంటున్నాడు. టికెట్లు చేసే అతనేమో ఓస్లో, బెర్గెన్, గైరాంగెర్, ట్రొమ్సో అన్నీ తిప్పిస్తానంటున్నాడు. మా ఆయనకు మోకాళ్ల నొప్పులు. ఏం చేయమంటారు? (ఓ తల్లి, లాయర్‌పేట, ఒంగోలు)*

ముందు ట్రొమ్సో కొట్టేయండి తల్లీ. అది ఆర్కిటిక్ వలయం దాటి ఎక్కడో ఉత్తరాన ఉంది. పది రోజుల్లో అన్ని ఊళ్లంటే పెట్టెలు సర్దడం, విప్పడమే సరిపోతుంది. అబ్బాయి ఇంట్లోనే దిగి, ఆ ఊరి నుంచే పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేలా తిరగండి.

ఈ మాట ఊరికే అనడం లేదు, అక్కడి వాన అలాంటిది. పొద్దున ఎండ, పదింటికి జల్లు, మధ్యాహ్నం మబ్బు కొండల నడుం దాకా దిగిపోతుంది. ఫలానా తేదీకి గైరాంగెర్ (కొండల మధ్యకు సముద్రం చొచ్చుకొచ్చిన చోటు) అని ముందే డబ్బు కట్టేశారనుకోండి, ఆ రోజు మబ్బు పట్టిందంటే చూసేది తెల్లటి గోడనే. ఇంట్లో ఉన్నవాళ్లకు ఆ బాధ లేదు. రాత్రి ఫోన్‌లో వాతావరణం చూసుకుని, రేపు తెరిపిస్తుందంటేనే బయల్దేరొచ్చు.

గైరాంగెర్ మాత్రం తప్పక చూడండి. మంచుయుగంలో హిమానీనదాలు కొండల్ని లోతుగా కోసుకుంటూ పోయాయి. ఆ లోయల్లోకి సముద్రం వచ్చి చేరింది. అదే ఫియోర్డ్. గైరాంగెర్ ఫియోర్డ్‌నీ, నేరోయ్ ఫియోర్డ్‌నీ కలిపి 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. హెల్లెసిల్ట్ అనే పల్లెలో ఫెర్రీ ఎక్కితే గంటకు కాస్త అటూఇటుగా గైరాంగెర్‌లో దిగుతారు. దారిలో 'ఏడుగురు అక్కచెల్లెళ్లు' అనే జలపాతం ఉంది. కొండ మీద మంచు కరిగితేనే దానికి నీళ్లు, కాబట్టి జూన్‌లో నిండుగా ఉంటుంది. వేసవి చివరికొచ్చేసరికి అక్కచెల్లెళ్లలో కొందరు కనబడరు. పడవలో కూర్చునే చూడొచ్చు కనుక మీ ఆయన మోకాళ్లకు ఢోకా లేదు.

ఊళ్లో అక్స్లా అనే కొండ ఉంది. 418 మెట్లు. ఆయన్ని ఎక్కించకండి, పైదాకా కారు దారి ఉంది. అక్కడి నుంచి చూస్తే ఊరంతా దీవుల మీద పరుచుకుని కనిపిస్తుంది. కింద బజారులో మేడలన్నీ ఒకే కాలంలో కట్టినట్టున్నాయే అనిపిస్తుంది. నిజమే. 1904 జనవరి 23 తెల్లవారుజామున ఓ చేపల డబ్బాల ఫ్యాక్టరీలో నిప్పంటుకుంది. ఈదురుగాలికి తోడు చెక్క ఇళ్లు కావడంతో దాదాపు 850 ఇళ్లు తగలబడ్డాయి, పదివేల మంది చలిలో వీధిన పడ్డారు. చనిపోయింది మాత్రం ఒక్కరే. జర్మనీ చక్రవర్తి కైజర్ విల్‌హెల్మ్ ఓడల నిండా సామాన్లు పంపించాడు, ఇప్పటికీ ఓ వీధికి ఆయన పేరుంది. మూడేళ్లలో రాయితో, ఇటుకతో ఊరు మళ్లీ లేచింది. తీగలూ పూలూ చెక్కిన ఆ గుమ్మాలు, గోపురాల్లాంటి మూలలు నాకు కొండల కంటే ఎక్కువ నచ్చాయి. పాత మందుల షాపునొకదాన్ని మ్యూజియం చేశారు. దాని చెక్క మెట్లు, లోపలి అలమారాలు చూడండి.

ఇంకో మాట. ఆ ఊరికి రైలు లేదు. ఓస్లో నుంచి విమానంలో పక్క దీవిలో దిగుతారు. అక్కడి నుంచి ఊళ్లోకి సముద్రం అడుగున తవ్విన సొరంగాల్లో కారు పోతుంది. మొదటిసారి చెవులు దిబ్బడేస్తాయి, కంగారు పడకండి.

*ప్రశ్న: అమ్మా, మా కోడలికి మలైకాజా ప్రాణం. నెయ్యి, పచ్చళ్లు, బియ్యం కూడా పట్టుకెళ్లొచ్చా? అక్కడ చేపల పులుసు కుదురుతుందా? (స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు)*

మలైకాజా ఇక్కడే తినేసి వెళ్లండి. మన దేశం నుంచి వెళ్లేవాళ్లు పాల పదార్థాలు, మాంసం నార్వేలోకి తీసుకెళ్లకూడదు. కాబట్టి నెయ్యి, చికెన్ పచ్చడి కూడా వద్దు. ఎయిర్‌పోర్టులో పెట్టె తెరిపిస్తే డబ్బాలు చెత్తబుట్ట పాలవడమే కాక జరిమానా టెన్షన్ ఒకటి. ఆవకాయ, కారప్పొడి, కందిపొడి నిక్షేపంగా సర్దుకోండి. నెయ్యి అక్కడ వెన్న కొని కాచుకోవచ్చు, వాసన బ్రహ్మాండంగా వస్తుంది. బాస్మతి ఎక్కడైనా దొరుకుతుంది. మొలకొలుకులు కావాలంటే మాత్రం మోసుకెళ్లాల్సిందే.

ఇక పులుసు. అక్కడ అందరూ కాడ్ చేప కొనమంటారు. కొనకండి. వేపుడుకీ ఉడకబెట్టుకోవడానికీ బాగుంటుంది గానీ, పులుసులో రెండు ఉడుకులకే పొరలు పొరలుగా విడిపోతుంది. 'సెయ్' అని ఇంకో చేప ఉంటుంది. కండ కాస్త బూడిద రంగు, ధర తక్కువ, ముక్క నిలుస్తుంది. పులుసు ముందే చిక్కగా మరగనిచ్చి, ముక్కలు చివర్లో వేసి, గరిటె పెట్టకుండా గిన్నె అంచు పట్టుకుని తిప్పండి. మన పుల్ల మామిడి దొరకదు, చింతపండు ఒక పిడికెడు ఎక్కువ నానబెట్టండి. వేసవిలో అయితే మన కానాగర్తల జాతి చేప వస్తుంది. మా అల్లుడు సాయంత్రం గేలం పట్టుకుని గట్టు మీద నిలబడితే రాత్రి కూరకు లోటుండదు. సముద్రంలో గేలంతో పట్టుకోవడానికి విదేశీయులకు కూడా లైసెన్సు అక్కర్లేదు. ఏటిలో సాల్మన్ పట్టాలంటే మాత్రం డబ్బు కట్టాలి. పట్టిన చేపను దేశం దాటించడానికి వేరే నిబంధనలున్నాయి, ఆ జోలికి పోకండి.

తాలింపు వేసేటప్పుడు పొయ్యి మీది ఫ్యాను ఆన్ చేయడం మరవొద్దు. ప్రతి ఇంట్లోనూ పొగ అలారం ఉండాలని అక్కడ చట్టం. ఎండుమిర్చి ఘాటుకు అది మొదలెడితే పై వాటా వాళ్లు కూడా దిగి వచ్చేస్తారు.

*ప్రశ్న: 2004 సునామీ కళ్లారా చూసినవాళ్లం. ఫియోర్డ్‌లలోనూ సునామీ వస్తుందని మా మనవడు చూపించాడు. మా ఆవిడ ప్రయాణమే వద్దంటోంది. (కొత్తపట్నం)*

మీ మనవడు చూపించింది అబద్ధం కాదు. అక్కడ భూకంపం అక్కర్లేదు, కొండ చరియ నీళ్లలో పడితే చాలు. 1934 ఏప్రిల్‌లో టాఫియోర్డ్‌లో అలా పడి, లేచిన అలలకు 40 మంది పోయారు. ఇప్పుడు గైరాంగెర్‌కు దగ్గర్లో ఓకెర్నెసెట్ అనే కొండకు పగులుంది, అది ఏటా కొన్ని సెంటీమీటర్లు జరుగుతూనే ఉంది. అయితే దానికి రాత్రింబగళ్లు పరికరాలు బిగించి కనిపెట్టుకుని ఉంటున్నారు. పడేముందు జరుగుడు వేగం అందుకుంటుంది కనుక ముందే జనాన్ని ఖాళీ చేయించే ఏర్పాటుంది. మన తీరానికి ఆ రోజు అలాంటి హెచ్చరిక ఏదీ అందలేదు. అదీ తేడా. ఈ మాట మీ ఆవిడగారికి చదివి వినిపించండి. అప్పటికీ ఒప్పుకోకపోతే గైరాంగెర్ మానేసి ఓలెసున్‌లోనే ఉండండి. ఊరికి దగ్గర్లోని ఆల్నెస్ దీపస్తంభం దగ్గర కూర్చుంటే మీకు కొత్తపట్నం తీరమే గుర్తొస్తుంది. చలికోటు మాత్రం తప్పదు.

*ప్రశ్న: జూన్‌లో చీకటే పడదట కదా. సాయంత్రం దీపం ఎప్పుడు పెట్టాలి? (కావలి)*

సూర్యుడు బొత్తిగా అస్తమించకపోవడం ఇంకా ఉత్తరాన. ఓలెసున్‌లో రాత్రి పదకొండు దాటాక దిగుతాడు, నాలుగు కాకముందే వచ్చేస్తాడు, మధ్యలో మసక వెలుతురే. నేను గడియారం చూసి ఆరున్నరకు పెట్టేస్తాను, దేవుడు ఏమీ అనుకున్నట్టు లేదు. అదే డిసెంబరులో అయితే పొద్దున పదింటికి తెల్లారి, మూడింటికే దీపాల వేళవుతుంది. నిద్ర కోసం కళ్లకు కట్టుకునే గుడ్డ పట్టుకెళ్లండి.

*ప్రశ్న: వీసా? ఖర్చు? (కందుకూరు)*

షెంగెన్ వీసా (ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చేది) కావాలి. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండనిస్తుంది. ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు. పిల్లల దగ్గర ఇంకా ఎక్కువ కాలం ఉండాలనుకునే తల్లిదండ్రులకు తొమ్మిది నెలల దాకా ఇచ్చే అనుమతి వేరే ఉంది, మీ అబ్బాయిని అడగమనండి.

ఖర్చంటారా, హోటల్ తిండి గురించి అడక్కండి, కాఫీకి 40 క్రోనర్లు (నార్వే డబ్బు) దాటిపోతుంది. కొళాయి నీళ్లు తాగండి, సీసాలు కొనకండి. ఒకవేళ కొంటే ఖాళీ సీసా పారేయకుండా షాపులోని మిషన్‌లో వేస్తే రెండో మూడో క్రోనర్లు తిరిగొస్తాయి. ఆదివారం పెద్ద షాపులు మూసేస్తారు, కాబట్టి పాలు, కూరగాయలు శనివారమే తెచ్చిపెట్టుకోండి.