గాల్వెస్టన్‌లో వేసవి చేపల వేటకి వెళ్లేముందు ఏం తెలుసుకోవాలి?

హ్యూస్టన్ నుంచి జూన్‌లో టెక్సస్ తీరంలోని గాల్వెస్టన్ వెళ్లి, చార్టర్ బోటు (కెప్టెన్‌తో సహా అద్దెకిచ్చే బోటు) మాట్లాడుకుని రెడ్ స్నాపర్ అనే సముద్రపు చేపని పట్టాలంటే ఏం చూసుకోవాలని అడిగారు కదా.

టెక్సస్‌లో తీరం నుంచి 9 నాటికల్ మైళ్ల వరకే సముద్రం రాష్ట్రానిది, ఆపైన ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) జలాలు. అక్కడ చార్టర్ బోట్లకు స్నాపర్ సీజన్ జూన్ 1న మొదలవుతుంది, ముగిసే తేదీ మాత్రం ఏటా మారుతుంది కాబట్టి డబ్బు కట్టేముందే కెప్టెన్‌ని అడగండి. మనిషికి 2 చేపలే, ఒక్కోటి కనీసం 16 అంగుళాలుండాలి. 17 ఏళ్లు నిండినవాళ్లకి చేపల వేట లైసెన్స్, దాంతోపాటు సాల్ట్‌వాటర్ ఎండార్స్‌మెంట్ (సముద్రంలో వేటకి అదనపు అనుమతి) కావాలి.

చిన్న చేపని వదిలేటప్పుడు మాత్రం దయచేసి తొందరపడకండి. వంద అడుగుల లోతు నుంచి గబగబా లాగేసరికి దాని లోపలి గాలితిత్తి ఉబ్బిపోయి, కడుపు నోట్లోంచి బయటికి పొడుచుకొస్తుంది, కళ్లు ఉబ్బుతాయి. అలాగే విసిరేస్తే పాపం కిందికి పోలేక నీటిమీదే కొట్టుకుని చచ్చిపోతుంది. డిసెండర్ అని బరువు కట్టిన క్లిప్ ఉంటుంది, దాన్ని పెదవికి తగిలించి లోతుకి దించితే ఒత్తిడికి గాలి సర్దుకుని ఈదుకుంటూ వెళ్లిపోతుంది. బోటులో అది ఉందో లేదో చూడండి.

వాంతుల టెన్షన్ ఉంటే మాత్ర బోటెక్కడానికి గంట ముందే వేసుకోండి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు.