మొదటి బండి కొనేముందు మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య దీవించి రాయునది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట కళ్లనీళ్లు పెట్టుకుంది. నువ్వు 390 సీసీ, అంటే పెద్ద ఇంజన్ బండి కొంటానన్నావట. 100 సీసీ దాటితే గుమ్మం తొక్కనివ్వనని తనందట. తను పెట్టెయ్యగానే నీ మెసేజ్: "పవర్ వల్ల యాక్సిడెంట్లు అవ్వవని నువ్వైనా అమ్మకి చెప్పు మామయ్యా." ఇద్దరూ కలిసి నన్ను పెద్దమనిషిని చేశారు కాబట్టి ఇద్దరికీ నచ్చని మాటే చెప్తాను. ఫోన్లో అయితే సగంలోనే వాదనకి దిగుతావు, అందుకే రాస్తున్నాను.

కంచరపాలెంలో షెడ్డు పెట్టి ముప్పై నాలుగేళ్లయింది. పడిన బండిని స్టాండ్ వేసి ఓసారి చుట్టూ తిరిగితే ఎలా పడిందో సగం తెలిసిపోతుంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు వెనక్కి వంగిందంటే ఎదురుగా దేన్నో గుద్దింది. ఒక పక్క ఫుట్‌రెస్టు, లివరు, అద్దం గీసుకుపోయాయంటే జారింది. లైసెన్సు కొత్తగా తీసుకున్న కుర్రాళ్ల బండ్లలో నేను మళ్లీమళ్లీ చూసే గుర్తు ఇంకోటి ఉంది. వెనక టైరు ఒక్కచోట అరిగి చదునైపోయి ఉంటుంది, ముందు బ్రేకు మాత్రం షోరూమ్‌లోంచి వచ్చినట్టే ఉంటుంది. అంటే వాడు భయపడి వెనక బ్రేకు మీద నిలబడ్డాడు, చక్రం పట్టేసింది, బండి ఈడ్చుకుపోయింది. ముందు బ్రేకు ముట్టుకోనే లేదు. "ముందుది వేస్తే పల్టీ కొడతాం" అని ఎవడో చెప్పి ఉంటాడు. ఈ మాట మన ఊళ్లో ఎంతమందిని పడగొట్టిందో!

ఆ బండ్లలో ఎక్కువ 100, 125 సీసీలే. అది చూసి నువ్వు చంకలు గుద్దుకోకు. విశాఖలో తిరిగేవే అవి కాబట్టి నా షెడ్డుకీ అవే వస్తాయి. చిన్న బండి ప్రమాదమని దానికి అర్థం కాదు. అలాగే 390 వేసుకుని పడ్డవాడిని చూసి పెద్ద బండే పడేసిందని మీ అమ్మ అనడానికీ లేదు. రాత్రి పన్నెండు దాటాక బీచ్ రోడ్డు మీద పందేలు వేసుకునేవాడు ఎలాగూ పెద్ద బండే కొంటాడు. వాడు పడితే బండి పడేసిందనాలా, వాడి బుద్ధి పడేసిందనాలా? దీన్ని విడదీసి చూడటం చదువుకున్నవాళ్లకే కష్టమట. మన షెడ్డుకి వచ్చే ఇంజినీరింగ్ కాలేజీ మాస్టారు ఒకాయన చెప్పారు.

ఆయనే ఒక పాత అమెరికా పరిశోధన గురించి కూడా చెప్పారు. హ్యారీ హర్ట్ అనే ఆయన, సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు కలిసి లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల 900 మోటార్ సైకిల్ ప్రమాదాల్ని జరిగిన చోటికే వెళ్లి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చారు. అందులో మీ ఇద్దరికీ చెరో ముక్కా ఉంది. పెద్ద ఇంజన్ బండ్లు ప్రమాదాల్లో ఉండాల్సిన దానికన్నా తక్కువే కనిపించాయి. ఇది నీ ముక్క. పడ్డప్పుడు మాత్రం వాటి మీదున్నవాళ్లకి దెబ్బలు ఎక్కువ. ఇది మీ అమ్మ ముక్క. నాకు పట్టినవి మాత్రం వేరే. ప్రమాదానికి ముందు సగం బండ్ల వేగం గంటకి 48 కిలోమీటర్లు కూడా లేదు. వేరే వాహనంతో గుద్దుకున్న కేసుల్లో మూడింట రెండు వంతులు తప్పు అవతలివాడిది, దారి ఇవ్వాల్సిన చోట ఇవ్వలేదు. నడిపేవాళ్లు వెనక చక్రాన్ని పట్టేయించి జార్చారు, ముందు బ్రేకు చాలినంత వాడలేదు. నూటికి 92 మంది సొంతంగానో, ఇంట్లోవాళ్ల దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లే. సగం మందికి పైగా ఆ బండి చేతికొచ్చి ఐదు నెలలు కాలేదు. అంతకుముందు రోడ్డు మీద రెండుమూడేళ్లు నడిపినవాళ్లే, కానీ ఆ బండికి కొత్తవాళ్లు. ఎక్కడో అమెరికాలో కనిపెట్టింది నా షెడ్డు గోడకి ఆనించిన బండ్లలో కనిపిస్తుంటే ఒళ్లు జలదరించింది.

నీ గురించి చెప్పనా? రేపు మద్దిలపాలెంలో ఆటో నీ ముందు గిర్రున తిరుగుతుంది. షీలానగర్ దగ్గర పోర్టు లారీ ఎడమకి కోస్తుంది, డ్రైవరు అద్దంలో నువ్వుండవు. అప్పుడు నీ కింద ఎనిమిది గుర్రాల పవర్ ఉందా నలభై గుర్రాలదా అన్నది రెండో ప్రశ్న. నీ వేళ్లు ఎక్కడున్నాయి, నీ కళ్లు ఎక్కడున్నాయి అన్నది మొదటిది.

అలాగని రెండో ప్రశ్నని వదిలెయ్యను. పవర్ ఎక్కడ కొంప ముంచుతుందో నా కళ్లతో చూశాను. కొత్తవాడు గతుకులో పడ్డా, ఎవరైనా అడ్డమొచ్చినా ఉలిక్కిపడి ఒళ్లు వెనక్కి వేస్తాడు. చెయ్యి హ్యాండిల్‌కి వేలాడుతుంది, మణికట్టు కిందకి దిగుతుంది, ఏక్సిలేటర్ దానంతటదే తిరుగుతుంది. బండి ముందుకి ఉరికితే మనిషి ఇంకా వెనక్కి పోతాడు, అది ఇంకా తిరుగుతుంది. 100 సీసీ బండి ఈ తప్పుని "ఊఁ" అని మూలిగి ఊరుకుంటుంది, సున్నా నుంచి అరవైకి దానికి ఏడెనిమిది సెకన్లు కావాలి. 390కి మూడు సెకన్లు కూడా అక్కర్లేదు. తప్పు ఒకటే, దిద్దుకునే వ్యవధిలోనే తేడా. ఒకసారి ట్రయల్ చూస్తానని షెడ్డు ముందు ఒక కుర్రాడు పెద్ద బండి ఎక్కి, క్లచ్ వదిలేసి, ఎదురుగా ఉన్న పాలబూత్ గోడ దాకా పోయి ఆగాడు. మొత్తం ఇరవై అడుగులు. గోడే ఆపింది.

ఇంకోటి, సీసీలంటే ఇంజన్ సైజు, పవర్ వేరు. 350 బుల్లెట్ చూసి జనం జడుసుకుంటారు గానీ దానిది 20 హార్స్‌పవరే. 200 సీసీ స్పోర్ట్స్ బండి పాతిక ఇస్తుంది. బుల్లెట్‌తో కొత్తవాడికి ఇబ్బంది పవర్ కాదు, 195 కిలోల బరువు. కైలాసగిరి ఎత్తులో యూటర్న్ కొట్టబోయి, కాలు అందక నిలబడ్డచోటే పడేసి, ఇండికేటర్లు మార్పించుకునేవాళ్లు ఏటా వస్తారు. ఆస్ట్రేలియాలో అందుకే నేర్చుకునేవాళ్లకి సీసీ ఒక్కటే చూడరు. 660 సీసీ దాకా పర్లేదు గానీ, బరువుకి ఎంత పవరో లెక్కగట్టి టన్నుకి 150 కిలోవాట్లు దాటకూడదంటారు. బ్రిటన్‌లో అయితే 1983లో నేర్చుకునేవాళ్ల బండిని 250 నుంచి 125 సీసీకి దించేశారు. మన దగ్గర "గేరున్న మోటార్ సైకిల్" అని లైసెన్సు ఒక్కటే. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్న నెలకి టెస్టుకెళ్లి, ఎనిమిది అంకె మీద తిప్పి, అదే కార్డుతో సాయంత్రం వెయ్యి సీసీ ఎక్కొచ్చు. కాబట్టి ఆ హద్దేదో మనమే గీసుకోవాలి.

మా మేస్త్రీ కాలంలో రాజ్‌దూత్ 350 అని ఉండేది. 1983లో వచ్చింది, 30 గుర్రాల బండి, అప్పట్లో మన దేశంలో అంత బలమైంది లేదు. దీనికి మూలమైన జపాన్ బండికి ముందు డిస్క్ బ్రేకు ఉంటే మనకిచ్చిన దానికి డ్రమ్ము బిగించారు. "ఇది పరిగెట్టడం నేర్చుకుంది గానీ ఆగడం నేర్చుకోలేదురా" అనేవాడు మేస్త్రీ. ఇప్పటికీ ఏ బండి వచ్చినా ముందు నేను చూసేది ఇంజన్ కాదు, దాన్ని ఆపేదేమిటని. మరి ఈ మామయ్య కాలర్ బోన్ విరిగింది దేని మీదో తెలుసా? మోపెడ్ మీద. మర్రిపాలెంలో కంకర మీద వెనక బ్రేకు తొక్కి. మీ అమ్మకి ఇది గుర్తుచెయ్యి, ఆసుపత్రికి క్యారేజీ తెచ్చింది తనే.

ఇప్పుడు మీ అమ్మకి నచ్చని మాట. 100 సీసీ వద్దు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. దానికి లోపువాటికి రెండు బ్రేకులూ కలిపి పట్టే ఏర్పాటు ఉంటే చాలన్నారు. కంగారులో బ్రేకు గట్టిగా పట్టేసే కొత్తవాడికి చక్రం పట్టెయ్యకుండా చూసేది ఏబీఎస్సే. ముందు చక్రానికి ఒక్కదానికున్నా మేలే. అందుకని 2019 తర్వాతి 150 గానీ 160 గానీ, సెకండ్ హ్యాండ్‌ది, నేనే చూసి కొనిపెడతాను. పన్నెండు, పదిహేను గుర్రాలు ఉంటాయి, నీకు చాలు. ఏడాది నడుపు. అప్పుడూ 390యే కావాలంటే మీ అమ్మతో నేను మాట్లాడతాను.

ఈ ఏడాదిలో ఏం చెయ్యాలంటే, మొదటి నెల మైదానం దాటకు. ఏక్సిలేటర్ తిప్పకముందే కుడి మణికట్టు కిందకి దించి పట్టుకో, అలా పట్టుకుంటే ఉలిక్కిపడ్డా ఇంకా తిరగడానికి చోటుండదు. క్లచ్ మీద రెండు వేళ్లు ఎప్పుడూ ఉండాలి, బండి మాట వినకపోతే నొక్కెయ్. ఇరవైలో, తర్వాత ముప్పైలో, తర్వాత నలభైలో ముందు బ్రేకుని నిమ్మకాయ పిండినట్టు మెల్లగా మొదలుపెట్టి గట్టిగా పిండు, వెనకది తోడుగా వెయ్యి. ఒక్కసారి లాగకు. చాక్‌పీసుతో గీత గీసి ఎక్కడ ఆగావో కొలుచుకో. నలభైలో ఉంటే నీకు విషయం అర్థమయ్యే ఆ ఒక్క సెకన్లో బండి 11 మీటర్లు పోతుంది, అరవైలో దాదాపు 17. బ్రేకు పని మొదలయ్యేది ఆ తర్వాతే. ఇది వంద సీసీకైనా వెయ్యి సీసీకైనా ఒకటే లెక్క.

తర్వాత రోడ్డు. రుషికొండ వైపు మలుపుల్లో గాలికి ఇసుక కొట్టుకొచ్చి ఉంటుంది, వంగిన బండి మీద అక్కడ బ్రేకు వెయ్యకు, మలుపుకి ముందే తగ్గించుకో. సింహాచలం ఘాట్ దిగేటప్పుడు పెట్రోలు మిగుల్తుందని న్యూట్రల్ చెయ్యకు, సెకండ్ గేరులోనే దిగు. పోర్టు రోడ్లలో తొలి చినుకులప్పుడు నూనె, బొగ్గు ధూళి కలిసి సబ్బు నురగలా ఉంటుంది, ఓ అరగంట టీ కొట్టులో కూర్చో. ఎల్ బోర్డు ఉన్నన్నాళ్లు వెనక స్నేహితుణ్ణి ఎక్కించుకోకూడదు, లైసెన్సున్న నేర్పేవాడు తప్ప. రూలు అదే, నా మాటా అదే. హెల్మెట్ గురించి రాయను, పట్టీ పెట్టుకోకుండా కనిపిస్తే తాళం లాక్కుంటాను.

390 వాడికి అడ్వాన్సు కట్టేశావేమో, ఇవాళే వెళ్లి అడిగి వెనక్కి తెచ్చుకో. ఆదివారం పొద్దున్న ఆరింటికి షెడ్డు దగ్గరికి రా. బూట్లు వేసుకుని రా, చెప్పులతో వస్తే బండి ఇవ్వను.

మీ మామయ్య