ఆరిపోని టార్చ్‌కి రేటెంత?

ప్రశ్న: అన్నా, మాది గుంటూరు బ్రాడీపేట. ఆదివారాలు మా మేడ మీద ఫ్రెండ్స్‌తో డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు అందులో పాత్రలుగా ఆడే ఆట) ఆడిస్తుంటా, కథ నడిపేది నేనే, బెజవాడ నుంచి మా బావ కూడా వస్తాడు. ఆయన పాత్ర క్లెరిక్, అంటే మంత్రాలేసే పూజారి, ఇప్పుడే 3వ లెవెల్‌కొచ్చాడు, కంటిన్యువల్ ఫ్లేమ్ అనే స్పెల్‌తో (మంత్రంతో) ఆరిపోని టార్చ్‌లు (కాగడాలు) చేసి ఒక్కోటి 200 గోల్డ్‌కి అమ్ముతానని కూర్చున్నాడు. వద్దంటే రూల్ చూపించమంటాడు. అసలు రేటు ఎంత పెట్టాలి?

జవాబు: తమ్ముడూ, బావని మాత్రం ఆపకు. కథలో నువ్వు పెట్టిన ఊళ్లో వ్యాపారం చేద్దామనిపించిందంటే ఆ ఊరు నిజమని నమ్మినట్టే, అలాంటి ప్లేయర్ దొరకడం కష్టం.

ముందు ఖర్చు చూద్దాం. ఆట 2014 రూల్స్‌లో ఈ స్పెల్ వేసిన ప్రతిసారీ 50 గోల్డ్ విలువ చేసే కెంపు పొడి ఖర్చయిపోతుంది, 3వ లెవెల్ క్లెరిక్‌కి ఇలాంటి సెకండ్ లెవెల్ స్పెల్స్ వేసే స్లాట్లు (ఛాన్సులు) రోజుకి రెండే, అంటే రోజుకి రెండు టార్చ్‌లు, 200 చొప్పున పోతే పొడి ఖర్చు పోను రోజుకి 300 మిగులుద్ది, ఆ లెవెల్‌లో అంత డబ్బొస్తే ఇంక నిధుల కోసం గుహల్లోకి ఎవడెళ్తాడు?

కానీ కొనేదెవరు? మామూలు టార్చ్ ఒక కాపర్ (వంద కాపర్లైతే ఒక గోల్డ్), గంటసేపు వెలుగుద్ది. రాత్రికి 12 గంటలు వేసుకున్నా ఏడాదికి 44 గోల్డ్ కూడా అవ్వదు, వెలుతురు రెండిటికీ ఒకటే, 20 అడుగులు బాగా, ఆ పైన ఇంకో 20 మసగ్గా. మామూలు కూలీకి రోజుకి 2 సిల్వర్ (పది సిల్వర్లైతే ఒక గోల్డ్) వస్తాయి, 200 గోల్డంటే వెయ్యి రోజుల కూలి. కాబట్టి ఇళ్లవాళ్లెవరూ కొనరు.

కొనేది మంటంటే భయం ఉన్నవాళ్లు. ఈ స్పెల్ మంటకి వేడి ఉండదు, ఆక్సిజన్ కూడా తీసుకోదు. మన మిర్చి యార్డు దగ్గర మిర్చి టిక్కీలు (బస్తాలు) పైదాకా పేర్చిన గోడౌన్ చూసే ఉంటావు, నీ ఊళ్లో కూడా అలాంటిది ఒకటి పెట్టు, అందులోకి రాత్రిపూట నిప్పు తీసుకెళ్లనివ్వని ఓనర్ని పెట్టు. అతను 110 అయినా ఇస్తాడు, ఈ ఆట పాత 3.5 ఎడిషన్‌లో ఎవర్‌బర్నింగ్ టార్చ్ (ఇలాంటి ఆరిపోని టార్చే) రేటు కూడా అదే. గని ఓనరూ ఇస్తాడు. కాకపోతే అది ఎప్పటికీ ఆరదు గనక కొన్నవాడు మళ్లీ రాడు, నాలుగైదు అమ్ముడయ్యాక 80కి, తర్వాత 70కి దించెయ్. 50కి కింద ఎలాగూ బావే అమ్మడు.

అసలు కంట్రోల్ రేటులో లేదు, కెంపు పొడిలో ఉంది. రూల్ బుక్ ఎంత విలువ కావాలో చెప్తుంది గానీ ఊళ్లో దొరుకుద్దని ఎక్కడా చెప్పలేదు. కంసాలి కొట్లో రెండు పొట్లాలే ఉన్నాయను, మిగతాది బళ్లు వచ్చినప్పుడే అను. ఒక్కటి జాగ్రత్త, రూల్‌లో ఉన్నది విలువ, తూకం కాదు, పొడి రేటు పెంచితే తక్కువ పొడితోనే పనైపోద్దని బావ లాజిక్ తీస్తాడు, ఆ లాజిక్ కరెక్టే, ఒప్పుకో. అందుకే రేటు జోలికి పోకుండా సరుకు తగ్గించు.

ఇంకోటి, ఆ మంటని కప్పొచ్చు గానీ ఆర్పలేం. వీధి స్తంభానికి పెట్టింది రాత్రికి రాత్రే ఎవడో పీక్కుపోతాడు, గోనె సంచిలో కుక్కుకుని పరిగెత్తుతుంటే సంచి చిరుగులోంచి వెలుతురు కారుతుంటది, కాపలావాడు దూరం నుంచే పట్టేస్తాడు. ఆ సీన్ ఒక్కటి ఆడించి చూడు, టేబుల్ దగ్గర అందరూ లేచి నిలబడతారు.

నూనె వ్యాపారుల్నీ మర్చిపోకు. వీధి లాంతరుకి సీసా నూనె ఒక సిల్వర్, ఆరు గంటలొస్తుంది, రాత్రంతా వెలగాలంటే రెండు సీసాలు, ఏడాదికి ఒక్కో లాంతరు మీద 73 గోల్డ్ బేరం. బావ ఊరి పెద్దలతో టార్చ్‌ల కాంట్రాక్ట్ మాట్లాడుకున్న మర్నాడే ఆ నూనె వ్యాపారుల్లో పెద్దాయన బావ బస దగ్గరికొస్తాడు, మర్యాదగానే మాట్లాడతాడు, వెనకాల నలుగురు కర్రలతో నిలబడి ఉంటారు. వచ్చే ఆదివారం ఆట అక్కణ్ణుంచి మొదలెట్టు.