గదికి నప్పని స్పీకర్లు షాపువాళ్లు వెనక్కి తీసుకోవాల్సిందేనా?

ప్రశ్న: నా గది 11 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. ఆ కొలతలు వాట్సాప్‌లో పంపి, దీనికి ఏ స్పీకర్లు సరిపోతాయని షాపువాళ్లనే అడిగాను. పెద్ద టవర్ స్పీకర్లు అంటగట్టారు. బేస్ ఒకటే హోరు, పాటలో మాట వినపడదు. నాలుగో రోజునే చెప్పాను. ‘స్పీకర్లలో లోపం లేదు, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని బిల్లు మీదే ఉంది’ అంటున్నారు. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. కానీ ‘లోపమున్న వస్తువు’ అని వేస్తే ఓడిపోతారు. వినియోగదారుల కమిషన్ వాటిని ల్యాబ్‌కు పంపితే స్పీకర్లు బాగానే ఉన్నాయని రిపోర్టు వస్తుంది. మీ బాధ వేరు: వస్తువు మంచిదే, మీ గదికి పనికిరాదు.

దానికి 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలో 16వ సెక్షన్ ఉంది. కొనేవాడు తన అవసరం చెప్పి, అమ్మేవాడి అనుభవాన్ని నమ్మి కొంటే, ఆ అవసరానికి సరుకు పనికిరావాలన్నది రాయకపోయినా ఉన్న షరతే. మీ వాట్సాప్ మెసేజే ఇక్కడ సాక్ష్యం. ఒక మెలిక ఉంది. ఫలానా కంపెనీ ఫలానా మోడల్ కావాలని మీరే అడిగి ఉంటే ఈ రక్షణ దక్కదు. మోడల్ పేరు ముందు ఎవరు ఎత్తారో చాట్ మళ్లీ చదవండి. బిల్లు మీది అచ్చు వాక్యంతో ఈ షరతు దానంతటదే పోదని గట్టిగా వాదించవచ్చు.

అవతలి లాయరు అడిగే మొదటి ప్రశ్న ‘ఎక్కడ పెట్టారు?’ అని. స్పీకరును మూలకు నెడితే బేస్ ఉబ్బుతుంది. పైగా మీ గది దాదాపు చదరం. 11 అడుగులకు సుమారు 51 హెర్ట్జ్ (సెకనుకు ఇన్ని కంపనాలని లెక్క), 10 అడుగులకు 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం గోడల మధ్య నిలిచి మోగుతుంది. రెండూ పక్కపక్కనే ఉండటంతో హోరు ఇంకా పెరుగుతుంది. అంత లోతు బేస్‌ను గట్టిగా పలికించని చిన్న స్పీకర్లయితే ఇంత గోల ఉండేది కాదు. లాయరు చెప్పాల్సిన సంగతులు కావనుకోండి, కేసు మాత్రం ఇక్కడే తేలుతుంది. అందుకని స్పీకర్లను గోడకు రెండడుగులు ముందుకు జరపండి, మీ కుర్చీని వెనక గోడకు ఆనించకండి, స్పీకరు వెనక గాలి రంధ్రం ఉంటే అందులో ఫోమ్ పెట్టి చూడండి. ప్రతిసారీ తేదీతో ఫోటో తీయండి. హోరు తగ్గితే గొడవే లేదు. తగ్గకపోతే ఆ ఫోటోలే మీకు బలం.

ఆ పరీక్ష రెండు మూడు రోజుల్లో ముగించి, తర్వాత రోజూ వాడకండి. తిరస్కరిస్తున్నానని వెంటనే రాతపూర్వకంగా తెలపండి. ఆలస్యం చేసి ఉంచుకుంటే సరుకు అంగీకరించినట్టే. అప్పుడు నష్టపరిహారం అడగగలరు గానీ వాపసు కష్టం. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. చెల్లించిన ధర 5 లక్షల వరకు అయితే ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేయండి.

అన్నట్టు, అట్టపెట్టెలు, లోపలి థర్మాకోల్ పారేయలేదు కదా?