పోయిన వయొలిన్ కోసం ఇంతగా బాధపడటం జబ్బా?

ప్రశ్న: నా వయసు 47. టీచరుగా పనిచేస్తున్నాను. చిన్నప్పుడు నాన్న కొనిచ్చిన వయొలిన్‌ను రెండు నెలల కిందట రైల్లోనే మరచిపోయి దిగిపోయాను. ఫిర్యాదు చేసినా దొరకలేదు. నాన్న చనిపోయి ఆరేళ్లయింది. పగలు బడిలో పిల్లలతో మామూలుగానే ఉంటాను, వేళకు తింటాను. రాత్రయితే మాత్రం పాత వాయిద్యాలు అమ్మే సైట్లలో ఫొటోలు వెతుకుతూ రెండింటి దాకా మేలుకుంటున్నాను. పైనున్న సామాన్ల అరలో పెట్టకుండా ఒళ్లో పెట్టుకుని ఉంటే పోయేది కాదు కదా అన్న ఆలోచనే తిరుగుతుంటుంది. ఎక్కడైనా వయొలిన్ వినిపిస్తే గుండె దడదడలాడుతుంది. ‘నువ్వు క్షేమంగా ఇల్లు చేరావు, అదే పదివేలు’ అంటారు ఇంట్లోవాళ్లు. మా తోటికోడలు క్యాన్సర్‌కు చికిత్స తీసుకుంటోంది. ఆమెను చూసి వచ్చిన రోజు నా ఏడుపు మీద నాకే సిగ్గేసింది. ఉన్నవాటికి సంతోషించాలని రోజూ పది విషయాలు రాసుకుంటున్నా మనసు మాట వినడం లేదు. ఇది డిప్రెషనా? నిద్రమాత్ర వేసుకోవచ్చా?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది డిప్రెషన్‌లా కనిపించడం లేదు. దిగులుగా ఉండటమో, దేనిమీదా ఆసక్తి లేకపోవడమో కనీసం రెండు వారాల పాటు దాదాపు రోజంతా కొనసాగుతూ, దానికి తోడు ఆకలి, నిద్ర, ఓపిక, ఏకాగ్రత దెబ్బతినడం, తాను ఎందుకూ పనికిరాననిపించడం, చావు గురించిన ఆలోచనలు రావడం వంటి లక్షణాల్లో చాలావరకు ఉన్నప్పుడే ఆ మాట వాడతాం. మీరు వేళకు తింటున్నారు, పాఠాలు చెబుతున్నారు, పిల్లల మధ్య తేలికపడుతున్నారు. మనసుకు దెబ్బ తగిలిన తరువాత కొంతకాలం సర్దుకోలేక సతమతమయ్యే స్థితి ఇది. సాధారణంగా ఆరు నెలల లోపే తగ్గిపోతుంది. అయితే వయొలిన్ వినపడనప్పుడు కూడా గుండెదడ వస్తున్నా, రాత్రిళ్లు ఒళ్లంతా చెమటలు పడుతున్నా ఒకసారి థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. మీ వయసులో నెలసరి ఆగిపోయే ముందు వచ్చే మార్పులు కూడా నిద్రను చెడగొడతాయి కాబట్టి అన్నిటినీ వయొలిన్ ఖాతాలో వేయకూడదు.

ఒక వస్తువు మనదైన తరువాత దాని విలువ మన కంటికి పెరుగుతుందన్నది ప్రయోగాల్లో తేలిన విషయమే. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్, ఆయన సహచరులు 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరికి మామూలు కాఫీ కప్పులు ఇచ్చి ఎంతకు అమ్ముతారని అడిగితే, కప్పు లేనివాళ్లు కొనడానికి సిద్ధపడిన ధరకు దాదాపు రెండింతలు చెప్పారు. కొద్దిసేపటి కిందట చేతికొచ్చిన కప్పుకే అంత మమకారం ఉంటే, నాన్న చేతుల మీదుగా వచ్చి, ఏళ్ల తరబడి మీ భుజం మీద ఉన్న వాయిద్యం సంగతి చెప్పనక్కరలేదు. పైగా మీరు పోగొట్టుకున్నది ఒకటి కాదు. నాన్నను తలచుకోవడానికి ఒక దారిగా ఉన్న వస్తువు పోవడంతో ఆరేళ్ల కిందటి దుఃఖం కూడా మళ్లీ పైకి వచ్చి ఉండవచ్చు. ఈసారి ఏడుపు వచ్చినప్పుడు అది వయొలిన్ కోసమా, నాన్న కోసమా అని ఒక్క క్షణం ఆగి గమనించండి. నాన్న కోసమైతే సిగ్గుపడి ఆపుకోవలసిన అవసరం ఏమాత్రం లేదు. ఆయన గురించి మీ తోబుట్టువులతోనో, ఆయనను ఎరిగినవారితోనో మాట్లాడండి.

ఇంట్లోవాళ్లు చెప్పేది మంచి ఉద్దేశంతోనే అయినా, కృతజ్ఞతను అలా పురమాయించి తెప్పించలేం. తోటికోడలి జబ్బుతో పోల్చుకున్నందువల్ల మీ బాధ తగ్గలేదు, దానిమీద సిగ్గు కూడా వచ్చి చేరింది. నిజం చెప్పాలంటే, ఒకరి క్యాన్సర్‌ను మన మనశ్శాంతికి కొలబద్దగా వాడుకోవడం ఆమెకూ న్యాయం కాదు. ఆమె దగ్గరికి ఆమె కోసమే వెళ్లండి.

‘ఒళ్లో పెట్టుకుని ఉంటే’ అన్న ఆలోచన గురించి కాస్త వివరంగా చెప్పాలి. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ విజేతల ముఖాలను పరిశీలించి 1995లో వెలువరించిన అధ్యయనంలో, రజతం గెలిచినవారికంటే కాంస్యం గెలిచినవారే ఎక్కువ ఆనందంగా కనిపించారని తేలింది. రజతం వచ్చినవారు త్రుటిలో తప్పిన స్వర్ణాన్ని చూస్తారు, కాంస్యం వచ్చినవారు అసలు పతకమే లేకుండా పోయేదని ఊపిరి పీల్చుకుంటారు అన్నది పరిశోధకుల వివరణ. కాంస్యం గెలిచినవారిని సంతోషపడమని ఎవరూ మందలించలేదు, వాళ్ల చూపు దానంతట అదే అటు మళ్లింది. మీ చూపు ఇప్పుడు ఆ సామాన్ల అర దగ్గర ఆగిపోయింది. దాన్ని బలవంతంగా లాగితే రాదు గానీ, చూడటానికి ఇంకో చోటు చూపించవచ్చు.

అందుకు రోజూ రాసే పది విషయాల జాబితా ఆపేయండి. రోజూ రాస్తే అది హోంవర్కు అయిపోతుంది, ఆ సంగతి టీచరుగా మీకు నేను చెప్పనక్కరలేదు. బదులుగా వారానికి ఒకసారి, పావుగంట, ఆ వయొలిన్ మీ జీవితంలోకి అసలు రాకపోయి ఉంటే ఏమేమి ఉండేవి కావో రాయండి. నాన్న అది కొనకపోయి ఉంటే మీరు ఏ గురువును కలిసేవారు కాదు, ఎవరితో స్నేహం కుదిరేది కాదు, నాన్న ఏ సాయంత్రం మీ పక్కన కూర్చుని వినేవారు కాదు అని, పేర్లతో, సందర్భాలతో రాయండి. మంచి సంఘటన ఎలా జరిగిందో రాసినవారికంటే, అది జరగకపోయి ఉంటే అని ఊహించి రాసినవారి మనసు ఎక్కువ తేలికపడిందని 2008లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. అయితే ఇలాంటి అభ్యాసాల వల్ల దిగులు, ఆందోళన తగ్గేది కొద్దిగానే. కాబట్టి మొదటి వారమే ఫలితం కనబడకపోతే మీలో లోపం ఉందనుకోకండి.

రాతకంటే ముఖ్యమైనది వాయించడం. రెండు నెలలుగా మీరు వేరే వయొలిన్ ఏదీ ముట్టుకోలేదని నా ఊహ. వినిపిస్తేనే గుండె దడదడలాడుతోంది కాబట్టి దూరంగా ఉండటం సహజం, కానీ తప్పించుకున్న ప్రతిసారీ అది నిజంగానే ప్రమాదమని మెదడు ఇంకా గట్టిగా నమ్ముతుంది. ఎవరి దగ్గరైనా ఒక వయొలిన్ కొన్నాళ్లకు అడిగి తెచ్చుకోండి. మొదటి రోజు పెట్టె తెరిచి నాలుగు తీగలు శ్రుతి చేసి మూసేసినా చాలు. దడ వస్తే పెట్టె మూసేయకుండా, మెల్లగా ఊపిరి వదులుతూ అది తగ్గేదాకా కూర్చోండి. చాలామందికి అది కాసేపట్లోనే దానంతట అదే దిగుతుంది. కమాను పట్టు, ఎడమచేతి వేళ్లు తీగమీద చోటు వెతుక్కోకుండానే వాలే తీరు మీ ఒంట్లోనే ఉన్నాయి, నాన్న ఇచ్చినదాంట్లో ఆ భాగం రైల్లో పోలేదు. కొత్త వాయిద్యం కొనే తొందర మాత్రం వద్దు. దుఃఖంలో కొన్నది పాతదానితో పోలికలో ఎప్పుడూ ఓడిపోతుంది.

సైట్లలో వెతకడం పూర్తిగా మానేయమని చెప్పను, దొరికే అవకాశం లేదని నేను అనలేను. గీతలు, లేబుల్, పెట్టె రంగు వంటి గుర్తులు ఒక కాగితం మీద రాసి, పాత ఫొటోతో సహా ఇంట్లో ఒకరికి అప్పగించండి. వారానికి రెండుసార్లు, పగటిపూట, వాళ్లే చూస్తారు. రాత్రి ఫోన్‌ను పడకగదికి అవతల పెట్టండి. పడుకున్న ఇరవై నిమిషాలకు నిద్ర పట్టకపోతే మంచం దిగి, మసక వెలుతురులో ఏదైనా చదువుకుని, కునుకు వస్తున్నప్పుడే మళ్లీ పడుకోండి. ఎంత ఆలస్యంగా నిద్రపోయినా పొద్దున లేచే వేళ మార్చకండి. మధ్యాహ్నం తరువాత కాఫీ, టీ వద్దు.

నిద్రమాత్ర మీ అంతట మీరు వేసుకోవద్దు. వాటిలో కొన్ని రకాలు కొద్ది వారాల్లోనే అలవాటు పడిపోతాయి, ఆపితే నిద్ర ఇంకా చెదురుతుంది. నాలుగు వారాలు పై పద్ధతులు పాటించినా నిద్ర కుదుటపడకపోతే, బడికి వెళ్లడమే కష్టమైతే, తిండి మీద ధ్యాస పోతే మానసిక వైద్యులను కలవండి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఇంట్లోవాళ్లకు చెప్పి ఆ రోజే వెళ్లండి.